ఎండ తగ్గకముందే వోల్టేజి పడిపోతోందా? తప్పు సెన్సారుది కాదు

మీ సమస్య నాకు అర్థమైనంతలో ముందు ఒకసారి చెబుతాను. పొరపాటుంటే సరిదిద్దండి. తిరుపతిలో మీ విభాగం మేడ మీద చిన్న సౌరఫలకం పెట్టారు. దాని షంటు రెసిస్టరు (కరెంటు ఎంతో తెలియడానికి దారిలో పెట్టే చిన్న నిరోధకం) మీది వోల్టేజిని బల్ల మీది మల్టీమీటరు కొలుస్తుంది. పక్కనే ఉన్న కాంతి సెన్సారు ఆర్డుయినో అనే చిన్న నియంత్రణ బోర్డుకు కలిపి ఉంది. ఆ బోర్డు ఎవరూ అడగకుండానే సెకనుకు 10 వరుసలు పంపుతూ ఉంటుంది. పైథాన్ లూపు మీటరును ఒకసారి అడుగుతుంది, ఆర్డుయినో నుంచి ఒక వరుస చదువుతుంది, రెండింటినీ ఒకే సమయంతో ఫైలులో రాస్తుంది, 0.1 సెకను స్లీప్ అవుతుంది. గంటకు 36,000 వరుసలు రావాలి, 24,827 వచ్చాయి. పైగా మబ్బు కమ్మినప్పుడు ముందు ప్యానెల్ వోల్టేజి పడిపోతోంది, 35–40 సెకన్లు గడిచాక గానీ ఎండ తగ్గినట్టు సెన్సారు చెప్పడం లేదు. కేబులు మార్చారు, సెన్సారు మార్చారు, పైథాన్‌ను తీసేసి మళ్లీ వేశారు.

ఎండ తగ్గబోతోందని అర నిమిషం ముందే కనిపెట్టే ప్యానెల్ నిజంగా మీ దగ్గర ఉంటే సిద్ధాంత వ్యాసం పక్కన పెట్టి పేటెంటు సంగతి చూసుకోవాలి. లేదు కాబట్టి లెక్కలోకి వెళదాం. ఇక్కడ ఉన్నవి రెండు తప్పులు, మొదటిదే రెండోదాన్ని కన్నది. రెండూ మీరు ఇచ్చిన అంకెల్లోనే దొరుకుతున్నాయి.

గంటంటే 3,600 సెకన్లు. దాన్ని 24,827తో భాగిస్తే ఒక్కో చుట్టుకు 0.145 సెకను. అంటే 100 మిల్లీసెకన్లకు ఒకసారి తిరగాల్సిన లూపు 145కు ఒకసారి తిరుగుతోంది. ఆ అదనపు 45 ఎక్కడివి? మీటరు అమరికలో ఎన్‌పీఎల్‌సీ 1 అని, ఆటోజీరో ఆన్ అని రాశారు. ఎన్‌పీఎల్‌సీ అంటే కరెంటు లైను చక్రాలు ఎన్ని గడిచేంతసేపు మీటరు కొలుస్తుందన్న లెక్క. మన లైను 50 హెర్ట్జ్, కాబట్టి ఒక చక్రానికి 20 మిల్లీసెకన్లు. ఆటోజీరో ఉంటే మీటరు ప్రతి రీడింగుకూ తన సున్నాను కూడా ఒకసారి కొలుచుకుంటుంది, అది ఇంకో 20. మిగిలిన 5 మాట్లాడుకోవడానికీ, ఫైలులో రాయడానికీ. ఈ 45 అయ్యాక మీ స్క్రిప్టు తీరిగ్గా 100 మిల్లీసెకన్లు నిద్రపోతోంది. స్లీప్ అన్న మాటకు అర్థం ‘ఇప్పటి నుంచి ఇంతసేపు పడుకో’ అనే తప్ప ‘ఫలానా వేళకు లే’ అని కాదు. పని ఎంతసేపు పట్టిందో దానికి తెలియదు.

దీనికి మందు చిన్నదే. మొదటి చుట్టు మొదలైన క్షణాన్ని, వ్యవధులు కొలిచే పైథాన్ గడియారమైన పర్ఫ్ కౌంటర్‌తో పట్టుకోండి. తర్వాతి చుట్టు ఎప్పుడు మొదలవ్వాలో దానికి 0.1 కలిపి లెక్కగట్టండి, పని అయ్యాక ఆ గడువుకు మిగిలిన సమయం మాత్రమే స్లీప్ అవ్వండి. మరుసటి గడువుకు 0.1 కలపాల్సింది పాత గడువుకే కానీ అప్పుడున్న సమయానికి కాదు. ఎక్కువమంది ఇక్కడే జారతారు. అప్పుడున్న సమయానికి కలిపితే ప్రతి చుట్టు ఆలస్యమూ పోగుపడి మళ్లీ మొదటికే వస్తారు. ఎప్పుడైనా పని 0.1 సెకను దాటితే మిగిలిన సమయం రుణసంఖ్య అవుతుంది. స్లీప్‌కు రుణసంఖ్య ఇస్తే పైథాన్ ఎర్రర్ చూపిస్తుంది. అలాంటప్పుడు తప్పిపోయిన గడువులను దాటేసి, ఎన్ని దాటేశారో ఫైలులో రాసిపెట్టండి. వాటిని తరిమి పట్టుకోవడానికి వరసబెట్టి మూడు నాలుగు రీడింగులు తీస్తే అవి పనికిరాని రీడింగులే.

విండోస్ అన్నారు, పైథాన్ ఏ వెర్షనో చెప్పలేదు. 3.11కు ముందున్న వెర్షన్లలో విండోస్ మీద స్లీప్ సాధారణంగా 15.6 మిల్లీసెకన్ల మెట్ల మీద నడుస్తుంది. 3.11 నుంచి సూక్ష్మమైన టైమరు వాడుతున్నారు. అలాగే టైమ్ మాడ్యూల్‌లోని టైమ్ ఫంక్షన్ కూడా విండోస్‌లో 3.13కు ముందు దాదాపు అవే మెట్ల మీద కదిలేది. పక్కపక్క రీడింగుల మధ్య తేడాలకు హిస్టోగ్రాం గీసినప్పుడు అవి సున్నా దగ్గరా, 15.6 దగ్గరా, 31 దగ్గరా గుంపులు కడితే మీటరును అనుమానించకండి, గడియారాన్ని మార్చండి. వ్యవధులు కొలవడానికి పర్ఫ్ కౌంటర్ ఒక్కటే వాడండి. కంప్యూటరు చూపే తేదీ, వేళ ఇంటర్నెట్‌తో సరిచేసుకున్నప్పుడు ముందుకో వెనక్కో గెంతగలదు, పర్ఫ్ కౌంటర్ వెనక్కి పోదు. ప్రయోగం మొదట్లో రెండింటినీ జంటగా ఒకసారి రాసుకుంటే చాలు, తర్వాత ఎప్పుడు కావాలన్నా తేదీ, వేళ రాబట్టుకోవచ్చు. రోజుల తరబడి నడిపేటట్టయితే నిమిషానికి ఒకసారి ఆ జంటను రాయండి. కంప్యూటరు స్ఫటికం పది లక్షలకు 20 వంతులు తప్పినా రోజుకు 1.7 సెకన్ల తేడా వస్తుంది.

ఇక అసలు చిక్కు, ఆ 37 సెకన్లు. మీరు 35–40 అన్నారు, నేను 37 అంటున్నాను, ఎందుకో చూడండి.

ఆర్డుయినో సెకనుకు 10 వరుసలు పంపుతోంది. మీ లూపు 145 మిల్లీసెకన్లకు ఒక వరుస చొప్పున సెకనుకు 6.9 మాత్రమే తీసుకుంటోంది. మిగిలిన 3.1 ఎక్కడికి పోతాయి? కంప్యూటరులో సీరియల్ పోర్టు బఫరులో, అంటే వచ్చినవి చదివేదాకా ఆగే చోట, బారులు తీరతాయి. మీరు చదివేది ఎప్పుడూ ఆ బారు ముందు నిలబడ్డ వాటినే, అంటే పాతవాటినే. సీరియల్ పోర్టు చదివే పైథాన్ లైబ్రరీ పైసీరియల్ విండోస్‌ను అడిగే బఫరు 4,096 బైట్లు. మీరు చూపించిన నమూనా వరుసలో, చివర కనబడని రెండు గుర్తులతో కలిపి, 16 అక్షరాలున్నాయి. 4,096లో అలాంటివి 256 పడతాయి. 256ను 6.9తో భాగిస్తే 37. స్క్రిప్టు మొదలైన సుమారు 83 సెకన్లకు బఫరు నిండిపోతుంది. రెండు నిమిషాలు దాటేసరికి ఆలస్యం 37 సెకన్ల దగ్గర స్థిరపడుతుంది. ఆ తర్వాత వచ్చే వాటిలో కొన్ని చోటులేక రాలిపోతాయి. అక్కడక్కడ రెండు వరుసలు ముక్కలై అతుక్కున్నాయని చివరి పేరాలో ఏదో చిన్న సంగతిలా రాశారు చూడండి, బఫరు పొంగుతోందనడానికి అదే సాక్ష్యం. నేనైతే ఆ మాట అన్నిటికంటే ముందు రాసేవాణ్ని.

తిరుపతిలో ఉన్నవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో తెల్లవారుజామున కూర్చున్న భక్తుడు గుడిలోకి అడుగుపెట్టేది ఏ మధ్యాహ్నానికో. మహాద్వారం దగ్గర ఒకరు పుస్తకం పట్టుకుని నిలబడి, లోపలికి వెళ్లే ప్రతివారినీ ‘ఇప్పుడే కొండ ఎక్కారు’ అని రాసుకుంటే ఎలా ఉంటుంది? మీ స్క్రిప్టు చేస్తున్నది అచ్చంగా అదే. వరుస బఫరులోకి వచ్చిన వేళ వేరు, మీరు దాన్ని చదివిన వేళ వేరు. రెండోదాన్ని మొదటిదిగా రాసేస్తున్నారు.

నా మాట నమ్మి స్క్రిప్టు మార్చేయకండి, ముందు మీరే చూసుకోండి. ప్రతి చుట్టులో రీడ్‌లైన్‌కు ముందు పైసీరియల్ ఇచ్చే ఇన్ వెయిటింగ్ అంకెను (బఫరులో ఎన్ని బైట్లు ఆగి ఉన్నాయో చెప్పేది) ఇంకో నిలువు వరుసగా ఫైలులో రాయండి. అది 0కీ 16కీ మధ్య ఊగుతుంటే నేను చెప్పింది తప్పు. 50, 300, 1,200 అంటూ పెరిగి 4,096 దగ్గర ఆగిందంటే దొంగ దొరికాడు. అయిదు నిమిషాల పని.

ఆ తర్వాత చేసే పరీక్ష నాకు చాలా ఇష్టం. ఎండ బాగా ఉన్నప్పుడు ఒక అట్టముక్కతో ప్యానెల్‌నూ సెన్సారునూ కలిపి ఒకేసారి మూయండి. రెండు సెకన్లు ఉంచి తీయండి. 10 సెకన్లాగి మళ్లీ. ఇలా ఓ ఇరవై సార్లు, అయితే సమాన వ్యవధుల్లో కాదు, ఒకసారి 7 సెకన్లకు, ఒకసారి 13కు, ఎలా తోస్తే అలా. వ్యవధులు సమానంగా ఉంటే ఏ దెబ్బ దేనికి జతో తెలియదు. 12 సెకన్లు ఆలస్యమైన గీత కూడా పక్కదాని మీద చక్కగా కూర్చుని మిమ్మల్ని మోసం చేస్తుంది. రెండు గీతల్లో పడిపోయిన అంచులు పక్కపక్కన పెట్టి తేడా కొలవండి. ఆ తేడా మొదటి రెండు నిమిషాల్లో పెరుగుతూ పోయి తర్వాత నిలిచిపోవాలి. మబ్బులు ఈ పని ఉచితంగా చేస్తాయి కానీ మార్చిలో మబ్బు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం.

మందు విషయానికొస్తే, లూపును సరిగ్గా 100 మిల్లీసెకన్లకు తెచ్చినంత మాత్రాన ఇది తగ్గిపోతుందని అనుకోకండి. మీ 100, ఆర్డుయినో 100 ఒకటి కావు. ఆర్డుయినో ఊనో బోర్డులో ప్రధాన చిప్పును నడిపేది క్వార్ట్జ్ స్ఫటికం కాదు, సిరామిక్ రెజొనేటరు. అది వెయ్యికి ఒక వంతు తప్పినా గంటకు 3.6 సెకన్లు. బోర్డు కాస్త తొందరపడే రకమైతే బఫరు మళ్లీ నిండుతుంది, నిమిషాల్లో నిండేది గంటల్లో నిండుతుంది, అంతే తేడా. అప్పుడు పట్టుకోవడం ఇంకా కష్టం.

సీరియల్ పోర్టు చదవడానికి వేరే థ్రెడ్ (ఒకే ప్రోగ్రాములో విడిగా నడిచే పని) పెట్టండి. దానికి ఇంకే పనీ ఉండకూడదు. వరుస రాగానే చదవడం, పర్ఫ్ కౌంటర్ విలువ తగిలించడం, క్యూలో వేయడం. మీటరుకు ఇంకో థ్రెడ్. ఫైలులో రాసేది మూడోది. పైథాన్‌లో ఒక సమయానికి ఒకే థ్రెడ్ నడుస్తుంది కదా, దీనివల్ల ఏం లాభమని మీ ల్యాబులో ఎవరైనా అనవచ్చు. పోర్టు కోసం ఎదురుచూస్తున్న థ్రెడ్ ఒకేసారి ఒకదాన్నే నడవనిచ్చే ఆ తాళాన్ని (జీఐఎల్) వదిలేసే ఎదురుచూస్తుంది. సెకనుకు 10 వరుసలన్నది దానికి లెక్కలోనిది కాదు. రెండు పరికరాలనూ బలవంతంగా ఒకే వరుసలో ఇరికించకండి. ఎవరి ఫైలు వారిది, ఎవరి సమయం వారిది. జత కలపడం తర్వాత తీరిగ్గా, రెండు రీడింగుల మధ్య విలువను లెక్కగట్టే ఇంటర్‌పొలేషన్‌తో చేసుకోవచ్చు.

వీలైతే ఆర్డుయినో స్కెచ్ కూడా మార్చి, ప్రతి వరుస మొదట్లో మిల్లిస్ విలువనూ (బోర్డు మొదలయ్యాక గడిచిన మిల్లీసెకన్లు) ఒక క్రమసంఖ్యనూ పంపండి. టోకెను మీద వేళ ముందే ముద్రించి ఇచ్చినట్టు, రీడింగు పుట్టినచోటే దానికి సమయం తగులుతుంది. మధ్యలో ఎక్కడ ఎంతసేపు నిలబడినా పరవాలేదు. క్రమసంఖ్య వల్ల వరుసలు రాలిపోతే వెంటనే తెలుస్తుంది. మిల్లిస్ 49.7 రోజులకు సున్నాకు తిరిగొస్తుంది, మీకు అంత అవసరం రాదు. పైథాన్ పోర్టు తెరిచిన ప్రతిసారీ ఊనో రీసెట్ అవుతుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. మొదటి రెండు సెకన్లు ఏమీ రాకపోవడం జబ్బు కాదు.

బోర్డు సమయాన్ని కంప్యూటరు సమయంలోకి మార్చేటప్పుడు ఒక కిటుకు. మిల్లిస్‌ను అడ్డంగా, కంప్యూటరు తగిలించిన సమయాన్ని నిలువుగా వేస్తే ఒక సరళరేఖ వస్తుంది. చుక్కలన్నీ దాని మీద ఉండవు, కొన్ని పైకి తేలతాయి. కిందికి మాత్రం దిగవు, ఎందుకంటే వరుస ఆలస్యంగా రాగలదు గానీ పుట్టకముందే రాలేదు. అందుకని చుక్కల మధ్యగా కాకుండా, అడుగు అంచును తాకుతూ గీత గీయండి. దాని వాలు బోర్డు గడియారం ఎంత తప్పుతోందో చెబుతుంది. చుక్క ఆ గీతకు ఎంత ఎత్తున ఉందో అంత ఆలస్యం. సాధారణ లీస్ట్ స్క్వేర్స్ వాడితే ఆలస్యాలన్నీ సగటులో కలిసిపోయి గీత పైకి జరుగుతుంది.

మీటరు గురించి కొద్దిగా. రీడింగు రీడింగుకూ మెజర్ ఆదేశం పంపుతుంటే మానేయండి. అది ప్రతిసారీ అమరికలను మొదటికి తెచ్చి కొలుస్తుంది, మీరు పెట్టిన ఎన్‌పీఎల్‌సీ కూడా ఎగిరిపోవచ్చు. ఒకసారి కాన్ఫిగర్ చేసి, తర్వాత రీడ్ మాత్రమే పంపండి. రేంజిని చేత్తో బిగించండి. ఆటోరేంజి ఉంటే మబ్బు వచ్చి విలువ మారే క్షణంలోనే, అంటే మీకు సమయం అతి ముఖ్యమైన చోటే, మీటరు రేంజి వెతుక్కుంటూ కూర్చుంటుంది. ఆటోజీరో తీసేస్తే 20 మిల్లీసెకన్లు మిగులుతాయి. గది వేడి మారే కొద్దీ సున్నా కాస్త జరుగుతుంది కాబట్టి అరగంటకోసారి కొలిపించండి. ఎన్‌పీఎల్‌సీని మాత్రం 1 కంటే తగ్గించవద్దు. పూర్తి చక్రంపాటు కొలిచినప్పుడే లైను గుయ్యి (కరెంటు లైను నుంచి రీడింగులోకి చొరబడే రొద) తనంతట తాను రద్దవుతుంది. విదేశం నుంచి తెచ్చిన పాత మీటరైతే లైను ఫ్రీక్వెన్సీ 60 మీద ఉందేమో చూడండి. ఉంటే అది 16.7 మిల్లీసెకన్లే కొలిచి, మన 50 హెర్ట్జ్ గుయ్యిని రీడింగులో వదిలేస్తుంది.

ఇదే రోగం నేను వేరే రూపంలో చూశాను కాబట్టి అదీ చెప్పేస్తాను. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు యూనిట్‌లో పాశ్చరైజరు ఉష్ణోగ్రతలు రాసే స్క్రిప్టు నేనే రాసిచ్చాను. తోతాపురి సీజను, బయట ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. పొద్దున సెకనుకో రీడింగు చక్కగా వచ్చేది, సాయంత్రానికి మూడు సెకన్లకొకటి. స్క్రిప్టు ఆపి మళ్లీ మొదలుపెడితే బాగయ్యేది. రెండు రోజులు థర్మోకపుల్ తీగలను తిట్టాను, పరికరాలకు వేడి తగులుతోందని ఫ్యాను పెట్టించాను. చివరికి చూస్తే, ఆపరేటరు ముచ్చటపడ్డాడని నేనే పెట్టిన గ్రాఫు అది. ప్రతి చుట్టులోనూ పొద్దుటి నుంచి ఉన్న చుక్కలన్నీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌తో మళ్లీ గీయిస్తున్నాను. చుక్కలు పెరిగే కొద్దీ గీత ఆలస్యం, గీతతో పాటు కొలతా ఆలస్యం. ఆపి మొదలుపెడితే బాగవుతోందంటే ఏదో ఒకటి లోపల పెరుగుతోందని అర్థం. జాబితానో, బఫరో, గ్రాఫో. మీ దాంట్లోనూ గ్రాఫు ఉంటే దాన్ని కొలిచే ప్రోగ్రాములోంచి తీసేసి, ఫైలు చూసి గీసే వేరే స్క్రిప్టుగా పెట్టండి.

యూఎస్‌బీ–సీరియల్ తీగ ఎఫ్‌టీడీఐ చిప్పుదైతే డ్రైవరులో లేటెన్సీ టైమరు (వచ్చిన బైట్లను కంప్యూటరుకు అందించేముందు ఆగే సమయం) 16 మిల్లీసెకన్లు ఉంటుంది. డివైస్ మేనేజరులో పోర్టు అమరికల్లోకి వెళ్లి 1కి దించవచ్చు. యూఎస్‌బీకి విద్యుత్తు ఆదా, ల్యాప్‌టాప్ మూత మూస్తే నిద్ర, ఈ రెండూ తీసేయండి. కరెంటు పోయి బ్యాటరీ మీదికి మారినప్పుడు ఆదా అమరికలు వేరుగా ఉంటాయి, అక్కడా చూడండి.

మీరు అడగలేదు గానీ, తర్వాత తప్పక అడుగుతారు. ఇవన్నీ సరిచేశాక కూడా ఎండ శిఖరం 12 గంటలకు రాకుండా 12:26కు వచ్చిందంటే కంగారుపడి కోడ్ తవ్వకండి. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానిది. తిరుపతి 79.4 దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మనకు సూర్యుడు 12 నిమిషాలు ఆలస్యం. దాని మీద కాల సమీకరణం ఉంది, అంటే సూర్యుడి వేళకూ గడియారానికీ మధ్య ఏడాది పొడవునా మారే తేడా. ఫిబ్రవరి మధ్యలో నడినెత్తికి రావడం 12:26 దగ్గర, నవంబరు మొదట్లో 11:56 దగ్గర. ఇక తేడా సరిగ్గా ఐదున్నర గంటలు ఉంటే అది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక కాలం), మన కాలం కలిసిపోయిన కేసు, వెతకక్కర్లేదు.

సెకనుకు 10 రీడింగులకు పైథాన్ చాలా ఎక్కువ. 1,000 కావాలంటే లూపును నమ్మకండి. మీటరు సొంత టైమరుతో తన జ్ఞాపకంలోనే నింపుకోనిచ్చి, గుత్తగా తెచ్చుకోండి. మనకు దగ్గరలోని గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ వాతావరణ రాడారు ఉంది కదా, అలాంటి చోట ఒక్క మైక్రోసెకను తప్పితే ఎత్తు 150 మీటర్లు తప్పుతుంది. అక్కడ పల్సుల వేళలను స్క్రిప్టు స్లీప్‌కు ఎవరూ వదిలేయరు.

చివరగా, ఇప్పటికే తీసిన మూడు వారాల డేటా పారేయాలా అన్నారు. అంతా అక్కర్లేదు. వరుస సంఖ్యను 0.1తో గుణించి సమయంగా వాడినచోట అది తీసేసి, ఫైలులో రాసిన సమయాన్నే తీసుకోండి. మీటరు రీడింగులకు అది సరైనదే. ప్రతి ఫైలులో మొదటి రెండు నిమిషాలు వదిలేయండి, అక్కడ ఆలస్యం మారుతూ ఉంది. అతుక్కున్న వరుసలు తీసేయండి. మిగిలినదాంట్లో కాంతి విలువలను 37 సెకన్లు వెనక్కి జరపండి. అయితే 37 అని నేనన్నానని కాదు, మబ్బులున్న ప్రతి ఫైలుకూ క్రాస్ కోరిలేషన్ (ఒక గీతను రెండోదాని మీద జరుపుతూ ఎక్కడ బాగా కలుస్తుందో చూసే లెక్క) చేసి శిఖరం ఎక్కడ వస్తుందో చూసి, ఆ అంకెతో జరపండి. ఫైలు ఫైలుకూ అది రెండు మూడు సెకన్లకు మించి మారితే ఆ రోజు లూపు వేగం మారిందన్నమాట, దాన్ని విడిగా చూడాలి. మబ్బే లేని రోజుల్లో పట్టుకోవడానికి అంచు ఉండదు. ఆ రోజులను గంట సగటులకు వాడుకోండి, మబ్బు నీడకు ప్యానెల్ ఎంత వేగంగా స్పందిస్తుందన్న అధ్యాయంలో పెట్టకండి. ఎంత జరిపారో, ఎలా కనుక్కున్నారో వ్యాసంలో రాయండి. అట్టముక్క పరీక్ష గ్రాఫు పక్కనే పెడితే పరీక్షకుడు ఇంకో ప్రశ్న వేయడు.